శామ్యూల్ క్రిస్మస్ చెట్టు మీది పత్తి

1983 అక్టోబరులో నాకు సీనియర్ గ్రేడరుగా ప్రమోషన్ ఇచ్చి, గుంటూరు కేంద్రంలోనే నమూనాల గదికి వేశారు. అంతకు ముందు కొన్ని సీజన్లు అదే ఊళ్ళో జూనియర్ గ్రేడరుగా మార్కెట్ యార్డు ఎండలో నిలబడి పనిచేశాను. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థలో మా వరుస జూనియర్ గ్రేడరు, సీనియర్ గ్రేడరు, ఆ పైన కొనుగోలు అధికారి. సంతకం అధికారిది. అయితే పత్తి ఏ తరగతిదో చెప్పాల్సింది గ్రేడరే. ఆ రోజుల్లో మా కేంద్రంలో పరీక్షలు చేసే యంత్రం ఒక్కటి కూడా లేదు. అంతా చేతి అంచనాయే.

పని ఎలా జరిగేదో కొంచెం చెబుతాను. రైతు తెచ్చిన గింజ పత్తి బోరెంలో, ఆ పెద్ద గోనె సంచిలో, మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి సరుకు బయటికి తీయాలి. పైన పెట్టింది ఎప్పుడూ మంచిదే ఉంటుంది, అది మా వైపు రైతులకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేనూ ప్రత్తిపాడు రైతు కొడుకునే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. కొన్న పత్తి జిన్నింగు మిల్లుకి వెళుతుంది. అక్కడ రోలర్ల మధ్య గింజ వేరై, దూది బేలు అవుతుంది. ప్రతి బేలు నుంచీ ఒక నమూనా తీసి, చీటీ పెట్టి, కాగితంలో చుట్టి మా గదికి పంపుతారు. అక్కడ మేము చేసేదాన్ని పింజ లాగడం అంటారు. చిటికెడు దూది రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, ఒక సగాన్ని రెండో సగం మీద వేసి, మళ్ళీ లాగి, పోగులన్నీ ఒక వరుసకి వచ్చాక నల్ల గుడ్డ మీద పరిచి పొడవు చెప్పాలి. మొదట్లో స్కేలు పెట్టుకుంటాం. చెయ్యి తిరిగాక స్కేలు తీసేవాణ్ణి చూస్తే నవ్వుకుంటాం. గది కిటికీలు ఉత్తరం వైపే ఉంటాయి, ఎండ నేరుగా పడితే దూది రంగు మోసం చేస్తుంది.

ఇక ఆఫీసు బయటి జీవితం చెప్పకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు. నేను మగవాళ్ళను ప్రేమించే మనిషిని. ఇప్పుడు దీనికి రకరకాల పేర్లున్నాయి, టీవీలో కూర్చోబెట్టి చర్చలు కూడా చేస్తున్నారు. అప్పట్లో మాకు 'మనవాళ్ళు' అన్న మాట ఒక్కటే ఉండేది. "ఆయన మనవాడేనా?" అని అడిగితే విషయం అర్థమైపోయేది.

మనవాళ్ళు కలిసే చోటు బ్రాడీపేటలో దేవదానం గారి టైలరు షాపు మీది మేడ. దేవదానం గారికి గుబురు మీసం, మెడలో ఎప్పుడూ టేపు, నోరు తెరిస్తే వీధి చివరికి వినపడేది. భార్య పోయింది, పిల్లల్లేరు. కింద షాపులో ఆయన మాస్టరు. మేడ ఎక్కితే మా అందరికీ పెద్దమ్మ. ఆ పిలుపు ఆయన పెట్టుకున్నదే, ఎవరైనా మర్చిపోయి 'మాస్టారూ' అంటే కోపం వచ్చేది. ఆదివారం సాయంత్రాలు ఒక బ్యాంకు గుమాస్తా, మంగళగిరి నుంచి ఒక కాంపౌండరు, మిర్చి యార్డులో పనిచేసే పెళ్ళయిన ఆయనొకరు, ఇంకా కొందరు వచ్చేవాళ్ళు. హిందువులం, క్రైస్తవులం, ఇద్దరు ముస్లిములు. పెద్దమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది: మేడ మీద ఉద్యోగాల ఊసు ఎత్తకూడదు, ఉద్యోగం దగ్గర ఎదురుపడితే ముక్కూ మొహం తెలియనట్టు ఉండాలి. అది అవమానం కాదు, మర్యాద. ఒకడి నోరు జారితే అందరి బతుకూ బజారున పడుతుంది.

అక్కడే నాకు శామ్యూల్ దొరికాడు. మిషన్ స్కూల్లో లెక్కల మాస్టరు, చర్చి క్వయరులో గొంతున్నవాడు. అరండల్‌పేటలో ఒక గదిలో ఉండేవాడు. తాళం చెవి ఒకటి నా దగ్గర ఉండేది. శనివారం స్కూలు ఒంటిపూట, నాకూ మధ్యాహ్నానికి పని అయిపోయేది. ఇద్దరం కలిసి వండుకుని తినేవాళ్ళం. ఆ గదిలో నా కంచం, నా చెంబు, నా లుంగీ ఉండేవి. శనివారాలు నావి. ఇందులో ఎవరికీ వాటా లేదు.

డిసెంబరు వచ్చిందంటే మా వాళ్ళకి ప్రాణం లేచివచ్చేది. గుంటూరులో క్రిస్మస్ నెల రోజుల పండగ. సందులన్నిటా వెదురు బద్దల నక్షత్రాలు లేచేవి. పెద్దమ్మ షాపులో బట్టల గుట్టలు మేడ మెట్ల దాకా పేరుకునేవి. చీకటి పడగానే క్వయరు వాళ్ళు ఇంటింటికీ పాడుతూ తిరిగేవాళ్ళు. నలుగురు మగవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని నడిచినా ఆ నెలలో ఎవరూ వింతగా చూడరు. "ఫ్రెండు ఇంటికి క్రిస్మస్ భోజనానికి పిలిచారు" అంటే ఏ ఇల్లాలూ ఎందుకని అడగదు. మిర్చి యార్డాయన ఏడాది మొత్తం మీద మాతో కూర్చుని అన్నం తినేది ఆ ఒక్క భోజనమే. పండగ మర్నాడు మేడ మీద పెద్దమ్మ బిర్యానీ వండేవాడు. నేను బొట్టు పెట్టుకునే కుటుంబం వాణ్ణయినా, శామ్యూల్ పక్కన పెట్రోమాక్స్ లైటు పట్టుకుని క్వయరుతో వీధులు తిరిగేవాణ్ణి. పాట పుస్తకం మీద వెలుగు పడేలా లైటు పట్టడం నా పని. ఆ పని నాకు ప్రమోషన్ కంటే ఎక్కువ.

ఆ సంవత్సరం ఇంకో విషయం కూడా ఉంది. శామ్యూల్ వాళ్ళమ్మ ప్రత్తిపాడు పక్క ఊళ్ళో ఉండేది, కూలిపని. వితంతువు. కొడుక్కి ముప్పై దాటుతున్నాయని సంబంధాలు చూస్తోంది. పాస్టరు గారి చేత కూడా చెప్పించింది. శామ్యూల్ ఎన్నాళ్ళని తప్పించుకుంటాడు? నవంబరులో ఒక శనివారం కూర తరుగుతూ చెప్పాడు, అమ్మని క్రిస్మస్ ముందు ఇక్కడికి రమ్మన్నానని. "నిన్ను చూపిస్తా కోటీ. నోటితో ఏం చెప్పను. ఒక పూట మన ఇద్దరితో కూర్చుని తింటే చాలు, నేను ఒంటరిగా లేనని తనకే తెలుస్తుంది. తెలిస్తే ఈ పెళ్ళి గోల ఆపుతుంది. నాకా నమ్మకం ఉంది." ఎప్పుడొస్తుందని అడిగాను. పత్తి తీత రోజులు, పని దొరకని రోజు చూసుకుని బస్సెక్కుతుంది, వస్తే శనివారమే వస్తుంది అన్నాడు. ఆదివారం ఆవిడ తన చర్చి వదలదు.

డిసెంబరు మొదట్లో కోయంబత్తూరు నుంచి ఒక స్పిన్నింగు మిల్లు సెలెక్టరు దిగాడు. పేరు రంగస్వామి. మిల్లులు మా దగ్గర బేళ్ళు కొనేముందు తమ మనిషిని పంపి నమూనాలు చూపించుకుంటాయి, ఆ మనిషినే సెలెక్టరు అంటారు. బల్లకి ఇటు నేను, అటు అతను. ఒకే నమూనా ఇద్దరం లాగి పొడవు చెప్పాలి. తేడా వస్తే అధికారి మూడోసారి లాగి తేలుస్తాడు. రంగస్వామిది ఇస్త్రీ నలగని సఫారీ, చక్కటి పలువరస, పూర్వం వలస వెళ్ళిన తెలుగువాళ్ళ ముద్దు ముద్దు తెలుగు. వచ్చిన వారంలోనే, నేను పొడవు చెప్పాక కూడా మా అధికారి అతన్ని "రంగస్వామి గారూ, ఇది మీరు కూడా చూడండి" అని అడగడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండేది. ఎన్ని సీజన్లు చేశాను నేను ఆ యార్డులో!

ఆ ఆదివారం మేడ ఎక్కేసరికి పెద్దమ్మ కుట్టు మిషను పక్క స్టూలు మీద రంగస్వామి కూర్చుని ఉన్నాడు. ప్యాంటు వదులు చేయించుకోవడానికి షాపుకి వచ్చాడట. ఒక మనవాడు ఇంకో మనవాణ్ణి పోల్చుకోవడానికి ప్యాంటు నడుము కొలిచేంత సేపు చాలు. నన్ను చూసి నమస్కారం పెట్టి, కట్టుబాటు ముందే చెప్పినట్టున్నారు, తెలిసిన మొహం పెట్టలేదు. నేనూ పెట్టలేదు. కానీ శామ్యూల్ అతని ఎదురుగా చాప మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అడిగితే "ఏదో అన్నాడ్లే" అంటాడు.

అసూయ గురించి గొప్పగా రాసేవాళ్ళున్నారు. నాకు తెలిసినంతలో అది కడుపులో మొదలవుతుంది. అన్నం సయించదు. రంగస్వామికి పాటలు రాకపోయినా క్వయరు వాళ్ళ వెనక తిరగసాగాడు. ఒక సాయంత్రం యార్డులో లారీలు ఆలస్యమై నేను గంట లేటుగా వెళ్ళాను. కొత్తపేట మలుపులో క్వయరు ఎదురొచ్చింది. శామ్యూల్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. పక్కన పెట్రోమాక్స్ రంగస్వామి చేతిలో ఉంది. పైగా ఎంత బాగా పట్టుకున్నాడో! లైటు ఎత్తి శామ్యూల్ మొహం మీద పడకుండా పుస్తకం మీద మాత్రమే పడేట్టు. నేను పట్టినప్పుడు శామ్యూల్ "కళ్ళలో పడుతోందిరా బాబూ" అని విసుక్కునేవాడు.

పాట అయ్యాక రంగస్వామి లైటు నాకివ్వబోయాడు. "మీరే ఉంచుకోండి, మీ చేతికే బాగుంది" అన్నాను. శామ్యూల్ నా వైపు ఒక చూపు చూసి పుస్తకంలో పేజీ తిప్పాడు. నేను ఇంటికి నడిచాను. ఆ తర్వాత వచ్చిన శనివారం అరండల్‌పేట వెళ్ళలేదు. పిలవనీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. బాడుగ గదిలో కూర్చుని అటుకులు తిన్నాను. వాళ్ళమ్మ వచ్చినా రావచ్చన్న సంగతి గుర్తులేక కాదు. ఆ ఒక్క శనివారమే రావాలని ఎక్కడుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పంతం పట్టినవాడికి లెక్కలు ఎప్పుడూ తనకి అనుకూలంగానే వస్తాయి.

మంగళవారం దాకా అవతలి నుంచి కబురు లేదు. ఆ సాయంత్రం క్వయరు ప్రాక్టీసు సమయం చూసుకుని నా లుంగీ, చెంబు తెచ్చేసుకుందామని వెళ్ళి తాళం తీశాను. గదిలో చెట్టు పెట్టి ఉంది. బాపట్ల వైపు నుంచి వచ్చే సరుగుడు కొమ్మ, రంగు కాగితాలు, కొమ్మల మీద మంచు లాగా పత్తి. ప్రతి ఏడూ మెడికల్ షాపులో దొరికే చుట్ట పత్తి నేనే తెచ్చి అంటించేవాణ్ణి. "ఇంత పత్తిలో పనిచేస్తూ మందుల షాపు పత్తి ఏమిటి కోటీ, ఒక్క గుప్పెడు మంచిది తేలేవా?" అని శామ్యూల్ ఒకసారి అడిగితే, నమూనా దూది పోగు కూడా బయటికి తేకూడదని నియమం చెప్పాను. నిజంగానే అది నియమం.

ఇప్పుడు చెట్టు మీద ఉన్నది మందుల షాపుది కాదు. అలవాటు కొద్దీ చిటికెడు తీసి లాగాను. ఇంకోసారి లాగాను. ముప్పై ఆరు మిల్లీమీటర్లు. ఆకు ముక్క లేదు, మచ్చ లేదు, పట్టు లాగా మెరుస్తోంది. ఆ ఏడు కాయ పగిలే వేళ వానలు పడి మా యార్డుకి అంత పొడవు పింజ ఒక్క బేలు రాలేదు. అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మరి అలాంటి సరుకు గుంటూరులో ఎక్కడుంది? ఒక్కచోటే ఉంది. సెలెక్టర్లు తమ మిల్లు ప్రమాణం ఇదీ అని చూపించడానికి ఒక చెక్క పెట్టెలో దక్షిణాది పొడవు పింజ నమూనాలు వెంట తెస్తారు. రంగస్వామి పెట్టె రోజూ నా ఎదురుగా బల్ల మీదే ఉండేది.

అంటే నేను నియమమని తేనిది అతను తెచ్చి ఇచ్చాడు. నా కంచం బోర్లించి ఉంది, నేను పెట్టే గూట్లో కాదు, పొయ్యి పక్కన. అందులో ఎవరో తిన్నారు. ఆ పత్తి చిటికెడు జేబులో వేసుకుని, లుంగీ సంగతి మర్చిపోయి తాళం వేసి వచ్చేశాను.

మర్నాడు నమూనాల గదిలో ఒక పని చేశాను. మా వృత్తిలో పేరులేని నమూనా అని ఒక పద్ధతి ఉంది. చేతులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి అప్పుడప్పుడు చీటీ లేని నమూనా ఒకటి వరుసలో కలుపుతారు. ఎవరూ తప్పు పట్టరు. నేను నా జేబులోది ట్రేలో పెట్టాను. అధికారి బల్ల చివర కూర్చుని ఉన్నారు. మూడు నాలుగు లాట్లు అయ్యాక అది వచ్చింది. ముందు లాగే వంతు నాది.

"ముప్పై ఆరు. దక్షిణాది సరుకు. మన యార్డుది కాదు" అన్నాను.

అధికారి కళ్ళజోడు సర్దుకుని, ఇది మన దగ్గరికెలా వచ్చింది కోటేశ్వరరావు అని అడిగారు.

"ఎవరి పెట్టెలోంచి వచ్చిందో వాళ్ళకే తెలియాలి సార్" అన్నాను, రంగస్వామి వైపు తిరిగి.

అతని మొహంలో రంగు మారలేదు. పింజ లాగాడు. నల్ల గుడ్డ మీద పరిచాడు. తర్వాత నేను చేయని పని ఒకటి చేశాడు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పోగుల మొదళ్ళు వెలుతురుకి పెట్టి చూశాడు.

"పొడుగు మీరు చెప్పిందేనండీ. దక్షిణాదిది మాత్రం కాదు. మీ వరలక్ష్మి రకమే, ఈ నేలదే. జిన్నింగు మిల్లు మొహం చూడలేదు ఇది. రోలరు కింద పడితే పోగు కొంతైనా తెగుతుంది కదా, దీనికి ఎక్కడా తెగలేదు. చేత్తో ఒలిచినారు. మంచి కాయలు ఏరుకుని, ఒక్కో గింజా విడిగా." అతను వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసే చెప్పాడు. "ఇది అమ్మకానికి తీసిన సరుకు కాదండీ. ఇంట్లో వాళ్ళు ఇంట్లో వాళ్ళ కోసం ఒలుచుకున్నది. నా పెట్టెలో ఇట్లాంటిది లేదు." అని పెట్టె మూత తీసి బల్ల మీద నా వైపు తిప్పాడు.

అధికారి మూడోసారి లాగారు, కిటికీ దగ్గరికి కూడా వెళ్ళారు. రంగస్వామి చెప్పిందే ఖాయం చేశారు. "అబ్బ, ఏం చెయ్యి అండీ మీది!" అన్నారు. నన్నైతే ఒక్క మాట అనలేదు. మేమంతా రోజూ రోలరు కింద పడ్డ దూదే చూస్తాం. ఒలిచిన పత్తి మా బల్ల మీదికి రాదు. గ్రేడరు ఎవడైనా దాన్ని ఖరీదైన పరాయి సరుకనే అనుకుంటాడు. తప్పు నాదని ఇప్పటికీ ఒప్పుకోను. నాకు మింగుడుపడనిది ఏమిటంటే, అతను అలా అనుకోలేదు.

చేతులు కడుక్కునే చోట రంగస్వామి నా పక్కకి వచ్చాడు. ఆఫీసులో ముక్కూ మొహం తెలియనట్టు ఉండాలన్న కట్టుబాటు అతను అప్పుడొక్కసారి దాటాడు. కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో చెప్పాడు: "శనివారం మీరు రావలసిందండీ. ఆమె మీ కోసమే వచ్చినారు."

ఆ సాయంత్రం శామ్యూల్ గదికి వెళ్ళాను. అతను నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నాడు, తల ఎత్తలేదు.

"అమ్మ వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. వెళ్ళింది."

ఎందుకు చెప్పలేదని అరిచాను. అతను అరవలేదు. అలిగి తిరిగేవాడి వెంట పడి కబురు చెప్పడానికి నాకేం పట్టింది అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. నా ఫ్రెండు పత్తి చూసే ఉద్యోగస్తుడని ఎప్పుడో అమ్మకి చెప్పి ఉన్నాడట. ఆయన కళ్ళకి మిషను పత్తి ఆనదురా అని ఆవిడ కూలి నుంచి వచ్చాక రోజూ దీపం ముందు కూర్చుని ఒలిచింది. శనివారం పొద్దున్నే బస్సు దిగి, కోడికూర వండి, చెట్టుకి పత్తి పెట్టి, వాకిట్లో నా కోసం కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. అప్పుడు రంగస్వామి పెట్రోమాక్స్ తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఆవిడ లేచి ఎదురెళ్ళింది.

"పత్తి చూసే అబ్బాయివి నువ్వేనా నాయనా?" అందట.

రంగస్వామి "అవునమ్మా" అన్నాడు. అబద్ధం కాదుగా.

"నువ్వెందుకు కాదనలేదు?" అని శామ్యూల్‌ని నిలదీశాను.

"ఏమనమంటావు కోటీ? ఈయన కాదమ్మా, అసలు మనిషి వేరే ఉన్నాడు, లైటు ఎవరు పట్టుకోవాలని పేచీ పెట్టి రాలేదు అనమంటావా? ఆయన గ్రహించాడు, తిరిగి వెళ్ళిపోబోయాడు. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నీ కంచంలోనే పెట్టింది. ఆయన చెట్టు దగ్గరికి వెళ్ళి పత్తి పట్టుకుని చూసి, ఎంత బాగా ఒలిచావమ్మా అన్నాడు. ఆ మాటకి మా అమ్మ మొహం చూడాల్సింది నువ్వు." ఎర్ర సిరా పెన్ను మూత పెట్టాడు. "బస్సెక్కేటప్పుడు అంది, నీకు మనిషి ఉన్నాడులేరా, ఇక నేను బెంగపెట్టుకోను అని. సంబంధాలు మానేస్తానంది."

అంటే శామ్యూల్ నాకు మిగిలాడు. మేము ఏది కోరుకున్నామో అది జరిగింది. జరిపించింది మాత్రం రంగస్వామి. సంతోషపడాలో ఏడవాలో తెలియక ఆ గదిలో నిలబడ్డాను. కాసేపటికి శామ్యూల్ లేచి అన్నం వడ్డించాడు.

పండగ మర్నాడు మేడ మీద భోజనాల దగ్గర పెద్దమ్మ గరిటె పట్టుకుని నా ముందుకొచ్చి, "ఒరేయ్ కోటిగా, ముడుచుకున్న ఆ మూతి విప్పి కాస్త తిండి పెట్టు దానికి. ఆ సెలెక్టరబ్బాయి నీ మొగుణ్ణేం ఎత్తుకుపోలేదులే!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. రంగస్వామి మాత్రం నవ్వలేదు, నా వైపు పెరుగు గిన్నె జరిపాడు. ఆ మంచితనం నాకు కంటగింపుగా ఉండేది. దుర్మార్గుడైతే ఎంత హాయిగా ద్వేషించేవాణ్ణి!

జనవరిలో ఒక ఆదివారం నేనే పట్టుబట్టి శామ్యూల్‌తో వాళ్ళ ఊరు వెళ్ళాను. కేకు, పండ్లు, ఆవిడకి మంగళగిరి చీర తీసుకున్నాను. ఈసారి నేనే పత్తి చూసే మనిషినని చెప్పేద్దామని నా ఆలోచన. నా స్థానం వెనక్కి తీసుకోవాలంటే అదొక్కటే దారి. ఇంటి ముందు శామ్యూల్ "అమ్మా, ఈయన కోటేశ్వరరావు గారు, ఉద్యోగం గుంటూరే" అన్నాడు. ఆవిడ నన్ను పరకాయించి చూసి, మీదే ఊరండీ అని అడిగింది. చెప్పాను. ఇంటి పేరూ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అయ్యో, మీ చేలకి తీతకొచ్చేవాళ్ళమండీ, మీ నాన్నగారు నాకెరుకే. ఒరేయ్ శామూ, పాస్టరు గారింటి కాడి నుంచి కుర్చీ తేరా" అంది. కుర్చీ వచ్చింది. నేను కూర్చున్నాను, ఆవిడ గుమ్మం పక్కన నిలబడింది. కూర్చోమ్మా అని ఎన్నిసార్లన్నా "పర్లేదయ్యా" అందే గానీ కూర్చోలేదు. నాకు ఒక సోడా సీసా తెప్పించింది. లోపల చేపల పులుసు ఉడుకుతోంది, వాసన వస్తోంది. నేను అడిగేశాను, నాక్కూడా అన్నం పెట్టమ్మా అని.

"మా ఇంట్లో మీరేం తింటారండీ అయ్యగారూ!" అని నవ్వేసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, గొంతు మార్చి అడిగింది. "ఏరా, మిల్లు అబ్బాయిని తీసుకురాలేదే? ఆ రోజు రెండోసారి కూడా పెట్టించుకున్నాడు బిడ్డ. పులుసంటే ఇష్టమన్నాడు."

శామ్యూల్ నా మొహం చూశాడు. నేను చెప్పదలచుకున్న మాట నోట్లోనే ఉంది. చెబితే ఆవిడ ఏమనుకుంటుంది? తన కొడుకు పక్కన ఉన్నది తాను నిలబడి మాట్లాడాల్సిన ఇంటివాడని అనుకుంటుంది. అలాంటివాడు ఎన్నాళ్ళుంటాడని అనుకుంటుంది. మళ్ళీ సంబంధాలు మొదలుపెడుతుంది.

"పనిలో ఉన్నాడమ్మా. మీరు బాగున్నారా అని అడగమన్నాడు" అని నేనే చెప్పాను.

"ఎంత మంచి పిల్లోడండీ" అంది ఆవిడ, నాతోనే.

సీజను అయ్యాక రంగస్వామి కోయంబత్తూరు వెళ్ళిపోయాడు, మళ్ళీ గుంటూరు వైపు రాలేదు. శామ్యూల్ పెళ్ళి మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. మేము ఆ తర్వాత కలిసే ఉన్నాం, ఇది రాస్తున్నప్పుడు అతను అవతలి గదిలో పేపరు చదువుతున్నాడు. ఆవిడ బతికినంత కాలం నేను ఆ ఊరు వెళుతూనే ఉన్నాను. కళ్ళ ఆపరేషన్ నేనే దగ్గరుండి చేయించాను. ఇల్లు కప్పించాను. ఎప్పుడు వెళ్ళినా కుర్చీ వచ్చేది, ఆవిడ నిలబడేది, మిల్లు అబ్బాయి క్షేమం నన్నే అడిగేది. అతనికి ఇంక్రిమెంట్లు, జ్వరాలు, బదిలీలు అన్నీ నేనే కల్పించి చెప్పేవాణ్ణి. నాకు గిట్టని మనిషికి ఇంత మంచి జీవితం నా నోటితోనే ఇచ్చాను. ఆవిడ పోయిన రోజు సమాధి దగ్గర శామ్యూల్ చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "మిల్లు అన్నయ్యకి కబురు పెట్టారా అండీ?" అని అడిగింది. పెట్టానన్నాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఉద్యోగానికి సంబంధించినదే. పింజ ఎంత పొడవో చెయ్యి చెబుతుంది. అది ఎవరి ఇంటి నుంచి, ఎవరి కోసం వచ్చిందో చెయ్యి చెప్పదు, తెచ్చినవాళ్ళను అడగాలి. తర్వాతి కాలంలో నా దగ్గర శిక్షణకి వచ్చిన జూనియర్లకి మొదటి రోజే ఈ మాట చెప్పేవాణ్ణి. అడగడానికి నామోషీ పడి ఒక్క రోజు గైరుహాజరైతే, ఆ రోజు మీ స్థానంలో కూర్చున్నవాడి పేరే ఖాయమవుతుందని, తర్వాత ఎన్నేళ్ళు సర్వీసు చేసినా అది మారదని కూడా చెప్పేవాణ్ణి. వాళ్ళు దాన్ని హాజరు గురించి చెప్పిన మాటగానే తీసుకున్నారు.